పాపకు విరేచనాలని ఊరి నుంచి ఫోన్ వస్తే ఏం చెప్తారు?



వానాకాలం మొదలైతే మనకు ఊరి నుంచి వచ్చే ఫోన్లు మారిపోతాయి. అప్పటిదాకా "ఎప్పుడొస్తవ్ రా", "ఫీజు కట్టినవా" అని అడిగే గొంతులే జ్వరాల గురించి, వాంతుల గురించి చెప్పడం మొదలుపెడతాయి. ఒక ఏడు ఆగస్టులో రాత్రి పది దాటాక అక్క ఫోన్ చేసింది. నేను తార్నాకలో రూమ్‌లో ఉన్న. "తమ్మీ, పాపకు పొద్దటి సంది నీళ్ల విరేచనాలు. ఊళ్లకు వచ్చే డాక్టరు సూది వేసిండు. ఏదో పొడి ప్యాకెట్ ఇచ్చిండు. డబ్బాల జ్యూస్ తాగించమన్నడు. పాలు ఆపమన్నడు. నువ్వు సదువుకున్నోనివి కదా, ఏం చెయ్యాల్నో చెప్పు" అంది. పాపకు అప్పటికి పదకొండు నెలలు.

నిజం చెప్తున్నా, నాకేం తెలియదు. డిగ్రీ పాసైన, మీటింగుల్లో మైకు పట్టుకుని ఐదో షెడ్యూల్ గురించి అరగంట ఆగకుండా మాట్లాడగలను. పదకొండు నెలల పిల్లకు విరేచనాలైతే ఏమివ్వాలో మాత్రం తెలియదు. "దవాఖానకు తీస్కపో అక్కా" అన్న. "వాగు నిండి పారుతున్నది, ఎట్ల తీస్కపోవాలె" అంది. మా జిల్లా నుంచే వచ్చి నర్సింగ్ చదువుతున్న ఒక చెల్లె నంబర్ ఉంటే కాన్ఫరెన్స్ కలిపిన. ఆ చెల్లె మూడే మాటలు చెప్పింది. ఆశ వదిన ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్, జింక్ మాత్రలు ఉంటాయి, లేపి తెచ్చుకోండి. పాలు ఆపకండి, ఎంత అడిగితే అంత ఇవ్వండి. జ్యూస్ పారబోయండి. తెల్లారేదాకా అక్క స్పూనుతో తాగిస్తూ కూర్చుంది. మూడో రోజుకు పాప మళ్లీ పాకింది.

ఆ రాత్రి తర్వాత నాకు సిగ్గేసింది. నేనుండే చోటు ఎక్కడో చూడండి. తార్నాక మెట్రో దిగి నడుస్తుంటే జాతీయ పోషకాహార సంస్థ గోడ తగులుతుంది. మనమంతా ఎన్‌ఐఎన్ అంటాం. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకున్న సంస్థ. పిల్లల తిండి గురించి దేశానికి చెప్పేది వీళ్లే. గోడకు ఇవతల మన ఉస్మానియా క్యాంపస్. ఇన్నేళ్లు ఆ గోడ పక్క నుంచి సెట్విన్ బస్సుల్లో, ఆటోల్లో పోతూ ఉన్న. లోపల ఏం తెలుసుకున్నారో మా గూడెంలో ఒక్కరికీ తెలియదు. అందుకే ఈసారి సంపాదకీయం భూమి మీద కాదు, పసిపిల్లల పేగు మీద. నవ్వకండి, చదవండి.

బిడ్డ తల్లి కడుపులో ఉన్నంతవరకు ఆ చిన్న పేగుల్లో దాదాపు ఎవరూ ఉండరు. పుట్టే దారిలో, తల్లి ఒంటి నుంచి, మొదటి పాల నుంచి బ్యాక్టీరియా వచ్చి చేరతాయి. బ్యాక్టీరియా అనగానే మనకు రోగమే గుర్తొస్తుంది. కానీ పేగుల్లో కోట్ల సంఖ్యలో ఉండేవాటిలో ఎక్కువ భాగం మనకు పనిచేసిపెట్టేవే. తల్లిపాలు తాగే బిడ్డల్లో బైఫిడోబ్యాక్టీరియా అనే రకం ముందుగా పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో తెలిసినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్న. తల్లిపాలలో ఒక రకం చక్కెరలు ఉంటాయి. పాలలో లాక్టోజు, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం అదే. దాన్ని బిడ్డ అరిగించుకోలేదు. మరి తల్లి ఒళ్లు అంత కష్టపడి ఎందుకు తయారుచేస్తున్నట్టు? బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని ఆ బ్యాక్టీరియా కోసం! అవి ఆ చక్కెరలు తిని ఆమ్లాలు వదులుతాయి. పేగులో కొంచెం పులుపు చేరుతుంది. ఆ పులుపులో విరేచనాలు తెచ్చే చాలా సూక్ష్మజీవులు సరిగ్గా పెరగలేవు. తల్లి ఒక పాలతో ఇద్దరిని సాకుతున్నదన్నమాట, బిడ్డను, బిడ్డకు కాపలా ఉండేవాళ్లను.

కాబట్టి ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఎక్కడున్నా మనం మాట్లాడాల్సిందే. పెద్దవాళ్లను తిట్టి కాదు. మా అవ్వ కూడా పసుపురంగు పాలు "పాతపాలు, బిడ్డకు పడవు" అనేది. ఆమెకు అట్లనే చెప్పారు. పుట్టగానే తేనె నాకించడం, ఎండాకాలం గొంతు ఎండుతుందని నెలల పిల్లకు నీళ్లు తాపడం ప్రేమతోనే చేస్తారు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, పాలలోనే నీళ్లున్నాయి అని గోండిలోనో కోయలోనో ఎవరన్నా కూర్చుని చెప్పారా? దేశం మొత్తం మీద 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం. అంటే సగం కన్నా ఎక్కువ మందికి అందలేదు. ఇది అడవి ముచ్చట కాదు, పట్నం ఆస్పత్రుల ముచ్చట కూడా.

పట్నం అన్నాం కాబట్టి ఇంకో లెక్క. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన తెలంగాణలోనే, 60.7 శాతం. ఆపరేషన్ అవసరమైనప్పుడు చెయ్యాలి, అది ప్రాణం నిలబెడుతుంది, వద్దనకండి. అయితే బ్రిటన్‌లో సుమారు 600 మంది పసిపిల్లలను చూసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, సిజేరియన్‌తో పుట్టినవాళ్ల పేగుల్లో తల్లి నుంచి రావాల్సిన కొన్ని రకాలు తక్కువగా, ఆస్పత్రిలో తిరిగే రకాలు ఎక్కువగా కనిపించాయి. నెలలు గడిచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. ఆపరేషన్ అయిన తల్లికి పాలు పట్టించడానికి సాయం చేసే మనిషి పక్కన ఉండాలని అడగడానికి మాత్రం ఈ ఒక్క సంగతి చాలు.

ఇప్పుడు విరేచనాల దగ్గరికి వద్దాం. నీళ్లతో, చేతులతో, ఈగలతో నోట్లోకి పోయినవి పేగు గోడను పట్టుకుంటాయి. రోటావైరస్, షిగెల్లా, ఒక రకం ఈ-కోలై, క్రిప్టోస్పోరిడియం. 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆఫ్రికా, ఆసియాల ఏడు చోట్ల చూస్తే చిన్నపిల్లల తీవ్రమైన విరేచనాల్లో పెద్ద భాగం ఈ నాలుగింటి వల్లే. ఆ ఏడు చోట్లలో మన కోల్‌కతా ఒకటి. పేగు నీళ్లు పీల్చుకోవడం మాని బయటికి వదలడం మొదలుపెడుతుంది. ఆ వరదలో కాపలా ఉండే మంచి రకాలు కూడా కొట్టుకుపోతాయి. వాటిలో చాలావాటికి గాలి తగలకూడదు. వరద వచ్చిన పేగులో ఆ పరిస్థితి ఉండదు కదా.

బంగ్లాదేశ్‌లో కలరా నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్లను గమనించి 2014లో ఒక సంగతి రాశారు. కోలుకునేటప్పుడు వాళ్ల పేగుల్లోకి బ్యాక్టీరియా తిరిగి వచ్చిన వరుస, ఆరోగ్యంగా పెరిగే పసిపిల్లల్లో మొదటిసారి చేరే వరుసనే పోలి ఉంది. కాలిపోయిన అడవిలో ముందు గడ్డి, తర్వాత పొదలు, తర్వాత చెట్లు వచ్చినట్టు. పోడు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పోడులో అడవి తిరిగి రావాలంటే కొన్నేళ్లు వదిలేయాలి. పిల్ల పేగు కూడా అంతే. ఒకసారి విరేచనాలైతే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నెల తిరగకుండా మళ్లీ, మళ్లీ వస్తుంటే? పేగు గోడ పలచబడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు. కన్నతల్లి రెండు పూటలా పెడుతున్నా బిడ్డ ఎదగదు. అంగన్‌వాడీ త్రాసులో బరువు చూసి "సరిగ్గా పెడతలేవా" అని తల్లినే అంటారు.

ఇక్కడ నాకు కోపం వస్తుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యికి 41.9 అయితే, షెడ్యూల్డు తెగల్లో 50.3. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు దేశంలో 35.5 శాతం, మనలో 40.9 శాతం. ఈ అంకెలు కనపడగానే "అవగాహన లేకపోవడం, మూఢనమ్మకాలు" అని ఒక వాక్యం రాసి ముగిస్తారు. పేగులోకి మలం కలిసిన నీళ్లు పోతుంటే అవగాహన ఏం చేస్తుంది?

దీనికి అడవిదాకా పోనక్కర్లేదు. మన క్యాంపస్ నుంచి ముషీరాబాద్ వైపు పోతే భోలక్‌పూర్ వస్తుంది. 2009 మే నెలలో అక్కడి మంచినీళ్ల పైపుల్లో మురుగునీళ్లు కలిశాయి. పది మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల్లో పడ్డారు. ఇరుకు సందులు, చర్మాల గోదాములు, పాత పైపులు. అక్కడున్నవాళ్లు ఆదివాసీలు కారు, అడవిలో లేరు, చేతికందే దూరంలో గాంధీ ఆస్పత్రి ఉంది. వాళ్ల నమ్మకాలను ఎవరూ తప్పు పట్టలేదు, పైపులను తప్పు పట్టారు. మన గూడెంలో జరిగితే మాత్రం పైపు దాకా ఎవరూ పోరు, మన దగ్గరే ఆగిపోతారు. రాజధాని నడిబొడ్డున ఉన్న బస్తీకి, వాగు అవతల ఉన్న గూడెంకు జబ్బు ఒక్కటే, దారి ఒక్కటే. ఆ బస్తీవాళ్లు మనకు చుట్టాలే అనుకుంటా నేను.

సరే, ఫోన్ వచ్చింది. ఏం చెప్పాలి?

మొదట ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేసుకుంటే లెక్క తప్పుతుంది. లీటరు నీళ్లలో కలిపే ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, వాటితోపాటు పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, విరేచనాల్లో కూడా పేగు గోడలో ఒక తలుపు చెడకుండా పనిచేస్తూ ఉంటుంది. ఆ తలుపు ఉప్పులోని సోడియంను, గ్లూకోజును జంటగా వస్తేనే లోపలికి రానిస్తుంది. వాటి వెంట నీళ్లు పోతాయి. ఉత్త నీళ్లు తాగిస్తే తలుపు తెరుచుకోదు. చక్కెర ఎక్కువైతే అది పేగులోనే ఉండిపోయి ఒంట్లోని నీళ్లను కూడా బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. డబ్బా జ్యూస్ పారబోయమని ఆ చెల్లె చెప్పింది అందుకే.

ఈ జ్యూస్ సంగతిలో హైదరాబాద్‌లో ఒక పోరాటం జరిగింది, మీకు తెలిసి ఉండాలి. ఓఆర్‌ఎస్ కంటే ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను పేరులో "ఓఆర్‌ఎస్" అని పెట్టి మందుల షాపుల్లో అమ్మేవారు. ఇక్కడి పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లపాటు లేఖలు రాస్తూ, కోర్టుకు పోతూ, వీడియోలు పెడుతూ దీని మీద కొట్లాడారు. 2025 అక్టోబర్ 14న కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఆ ఫార్ములా లేని ఏ పానీయం పేరులోనూ ఆ మూడక్షరాలు ఉండకూడదని ఆదేశమిచ్చింది. అయినా మారుమూల కిరాణంలో పాత అలవాటు అంత తొందరగా పోదు. ప్యాకెట్ మీద "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" అని ఉందా అని ఫోన్‌లోనే అడగండి. ఫొటో తీసి వాట్సాప్ చెయ్యమనండి.

ప్యాకెట్ దొరకకపోతే ఆగొద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, పెద్ద చెంచా కాదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కలిపాక నాలుక మీద వేసుకుని చూడాలి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండొద్దు. రెండేళ్లలోపు పిల్లకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, స్పూనుతో నెమ్మదిగా. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. కలిపింది ఒక్క రోజే వాడాలి.

"ఇంత చిన్న పొడితో ఏమైతది, సెలైన్ ఎక్కించాలె" అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయనకు 1971 ముచ్చట చెప్పండి. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరంలో, బెంగాల్ సరిహద్దు బన్‌గావ్‌లో కలరా పడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల వెంట వచ్చినవాళ్ల చేతనే తాగించాడు. వందలో ముప్పై మంది దాకా పోతున్న చోట చావులు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయన 2022లో చనిపోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. నాకు నచ్చేది పతకం కాదు. ఆ నీళ్లు తాగించింది తల్లులు, అన్నదమ్ములు, చుట్టాలు. అడవిలో, శిబిరంలో, వాగు అవతల అందరికన్నా ముందు చేరే వైద్యులు వాళ్లే.

రెండోది జింక్. దీన్ని మనవాళ్లు మర్చిపోతారు. సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవాళ్లు 60.6 శాతం ఉంటే జింక్ అందినవాళ్లు 30.5 శాతమే. ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు సగం, చెంచాలో నీళ్లతోనో తల్లిపాలతోనో కరిగించి. 14 రోజులు ఇవ్వాలి. మూడో రోజు విరేచనాలు ఆగాక "తగ్గింది కదా" అని మాత్రలు గూట్లో పెట్టేస్తారు. మా అక్క కూడా అదే చేసింది, నేను రోజూ ఫోన్ చేసి పోరు పెట్టాల్సొచ్చింది. పేగు గోడ మళ్లీ కట్టుకోవడానికి, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండటానికి ఆ 14 రోజులు కావాలి.

మూడోది, తిండి ఆపొద్దు. "పొట్ట ఖాళీగా ఉంచితే ఆగుతది" అనేది పాత మాట. పాలు తాగే బిడ్డకు ఇంకా ఎక్కువసార్లు పాలు. తినే బిడ్డకు మెత్తటి అన్నం, పప్పు, అరటిపండు, పలచగా జావ. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువ.

అడగాల్సిన గుర్తులు కూడా ఫోన్‌లోనే అడగండి. కళ్లు లోపలికి పోయినయా? పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా దిగుతుందా? తాగలేకపోతుందా, మగతగా పడి ఉందా, ఒంటికి పోయడం ఆగిందా? మలంలో రక్తం ఉందా? రెండు నెలల లోపు బిడ్డా? వీటిలో ఒక్కటి ఉన్నా వాగు దాటించే దారి వెతకాలి. నలుగురిని పోగుచెయ్యండి, 108కి చెయ్యండి, మధ్యలో ఓఆర్‌ఎస్ ఆపకుండా తాగిస్తూనే పోవాలి.

సూది గురించి, పొడి గురించి చెప్పకుండా పోలేను. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రోటావైరస్ మీద అది పనిచేయదు. పైగా వరదలో మిగిలిన మంచి బ్యాక్టీరియాను కూడా కొట్టేస్తుంది. మలంలో రక్తం పడితే, కలరా అనుమానం ఉంటే డాక్టరు చూసి ఇస్తారు, అది వేరే. ఇక ఆ పొడి ప్యాకెట్, "మంచి బ్యాక్టీరియా" అని అమ్మేది. పేరు బాగుంటుంది, చదువుకున్నవాళ్లే ఎక్కువ కొంటారు. అమెరికాలో, కెనడాలో విరేచనాలతో ఆస్పత్రికి వచ్చిన వందలాది పిల్లల మీద పరీక్షించి 2018లో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఆ పొడులు తీసుకున్నవాళ్లకు, తీసుకోనివాళ్లకు తేడా కనపడలేదు. మంచి బ్యాక్టీరియా అనే ఆలోచన తప్పని కాదు. మన పక్కన ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులకు మొదటి వారంలో ఒక ఎంపిక చేసిన లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి తిండిగా ఒక చక్కెరను కలిపి ఇచ్చారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తంలో చీము పట్టే జబ్బు, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఒక్క రకం, ఒక్క వయసు, ఒక్క జబ్బు. మెడికల్ షాపులో దొరికే ఏ ప్యాకెట్‌కైనా ఆ గొప్ప అంటుకోదు. ఆ ప్యాకెట్ పైసలతో పల్లీలు వస్తాయి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మన అంబలే అసలైన ప్రోబయోటిక్" అని పోస్టులు తిరుగుతుంటాయి. నాకూ గర్వమే, నేనూ జొన్న అంబలి తాగే పెరిగిన. కానీ అంబలి విరేచనాలకు మందు అని రాసేవాళ్లు కాస్త ఆగండి. తిండిగా గొప్పది, మందుగా పరీక్షించలేదు. పిల్ల ప్రాణం మీద మన గర్వాన్ని పెట్టొద్దు.

తిండి విషయంలో మాత్రం గర్వపడటానికి నిజమైన కారణం ఒకటుంది. తార్నాకలోని ఎన్‌ఐఎన్ వాళ్లు ఎప్పుడో "హైదరాబాద్ మిక్స్" అని ఒకటి తయారుచేశారు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. వేయించి పొడి కొట్టుకోవడమే. 86 గ్రాముల పొడిలో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. ఇప్పుడు 2021కి రండి. ఢాకాలో మీర్పూర్ బస్తీలో ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న బక్కచిక్కిన పిల్లలకు ఒక కొత్త తిండి మూడు నెలలు పెట్టి చూశారు. పేగుల్లో ఎదగకుండా ఆగిపోయిన బ్యాక్టీరియాను పెంచే పదార్థాలు ఏవో ల్యాబుల్లో వెతికి వెతికి తేల్చింది ఏంటంటే శనగపిండి, పల్లీల పిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ! ఎక్కువ కేలరీలున్న మామూలు ప్యాకెట్ తిండి తిన్న పిల్లల కంటే వీళ్లు మెరుగ్గా బరువు పెరిగారు. తార్నాకలో కేలరీలు లెక్కపెట్టినవాళ్లు, ఢాకాలో బ్యాక్టీరియాను లెక్కపెట్టినవాళ్లు ఇద్దరూ శనగ, పల్లీల దగ్గరే కలిశారు. ఈ రెండూ మన సంతల్లో దొరికేవే. అరటికాయ పెరట్లోనిది.

తార్నాక పక్కనే నాచారంలో తెలంగాణ ఫుడ్స్ ఫ్యాక్టరీ ఉంది. అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం అక్కడి నుంచే వస్తుంది. ఆ ప్యాకెట్ పాపది, ఇంట్లో అందరిదీ కాదు అని చెప్పడం మన పని. పాప నోటిదాకా పోతున్నదా, ఏ నెలన్నా ఆగిందా అని అడగడం కూడా మన పనే. అందులో పల్లీలు ఎందుకు పెంచకూడదు, అరటికాయ పొడి ఎందుకు కలపకూడదు అని సైంటిస్టులనూ శాఖనూ అడగాలని నాకుంది. గోడ అవతలే కదా ఉన్నారు.

ఇంకోటి కూడా అడగాలి. 2015లో గువాహటి శాస్త్రవేత్తలు అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణల నుంచి 15 ఆదివాసీ సమూహాల మలం నమూనాలు తీసుకుని పరీక్షించి ప్రచురించారు. మనలో ప్రివోటెల్లా అనే రకం ఎక్కువ, దాన్ని నిర్ణయించేది ఉండే చోటు, తినే తిండి అని తేల్చారు. గింజలు, ఆకుకూరలు తినేవాళ్లలో ఎక్కువగా కనపడే రకం అది. మంచి పరిశోధన, నేను కాదనను. ఇలాంటివి ఇంకా జరగాలి, మన పసిపిల్లల మీద ముఖ్యంగా. అయితే మన గూడెం నుంచి సీసాలో పోయింది ఇంగ్లిష్ పేజీగా మారాక, దాన్ని గోండిలో, కొలామిలో, కోయలో చెప్పడానికి ఒక మనిషి గూడెంకు తిరిగి రావాలి. ఇక ముందు ఎవరు నమూనాలు అడిగినా ఈ మాట ముందే కాగితం మీద రాయించుకోండి.

టీకా సంగతి త్వరగా చెప్పేస్తా. రోటావైరస్‌కు ఐదు చుక్కల టీకా ఉంది, ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇస్తారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పిల్లల్లో 1980ల్లో దొరికిన వైరస్ రకంతో, మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసింది, 2015లో విడుదలైంది. ఏడాదిలోపు పిల్లల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. ఇలాంటి నోటి టీకాలు ధనిక దేశాల్లో ఇంకా ఎక్కువ పనిచేస్తాయి. ఇక్కడ తగ్గడానికి ఒక కారణం పదే పదే దెబ్బతిన్న పేగులే అని శాస్త్రవేత్తల అనుమానం. అంటే చెడు నీళ్లు చివరికి టీకాను కూడా పలచన చేస్తున్నాయి. అయినా వేయించండి, సగం ప్రమాదం తప్పడం చిన్న సంగతి కాదు.

నీళ్ల గురించి మనకు హక్కు ఉంది, కేవలం ప్రార్థన కాదు. ఏటా కేంద్రం విరేచనాల నివారణ కార్యక్రమం నడుపుతుంది. 2014లో పక్షం రోజులుగా మొదలైంది, 2024లో రెండు నెలలు నడిచింది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటింటికీ ఆశ కార్యకర్త రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ముందే ఇచ్చిపోవాలి, జబ్బు వచ్చాక కాదు. మన ఆశ వదినను నిలదీయకండి, ఆమెకు పైనుంచి రాకపోతే ఏం ఇస్తుంది? పీహెచ్‌సీలో స్టాక్ రిజిస్టర్ అడగండి. గ్రామసభలో నల్లా నీళ్లలో క్లోరిన్ పరీక్ష ఎప్పుడు చేశారో అడిగి తీర్మానం పుస్తకంలో రాయించండి. చేతిపంపు చుట్టూ దిమ్మె పగిలి మురుగు లోపలికి ఇంకుతుంటే ఫొటో తీసి తేదీ వేసి పెట్టండి. మా ఊళ్లో ఆ దిమ్మె మీద మూడు దరఖాస్తులు పెట్టాం, మూడింటికీ రసీదులున్నాయి, దిమ్మె ఇంకా అట్లనే ఉంది. నాలుగోది ఈ వారం పెడుతున్నాం.

క్యాంపస్‌లో ఉన్నవాళ్లం పదకొండు మందిమి ఒక పని మొదలుపెట్టాం. పైన చెప్పిన మూడు మాటలు, ప్రమాద గుర్తులు గోండిలో, కొలామిలో, కోయలో, లంబాడీలో రెండు నిమిషాల ఆడియోగా రికార్డు చేస్తున్నాం. గోండిది మా అవ్వ గొంతులో. ముర్రుపాలు పారబోయమని ఒకప్పుడు చెప్పిన ఆ అవ్వే. "నీళ్లు తాపొద్దు" అని ఒప్పుకోవడానికి నాతో రెండు రోజులు కొట్లాడింది, ఎండాకాలం పిల్ల ఏడిస్తే ఎట్ల అంటూ. మూడో రోజు ఫోన్ చేతిలోకి తీసుకుని, నేను రాసిచ్చింది పక్కన పడేసి, తన మాటల్లో చెప్పింది. నేను రాసినదాని కంటే బాగుంది.

మీ గూడెం మాటలో చెప్పే గొంతు మీ ఇంట్లో ఉంటే రికార్డు చేసి పంపండి. కొలామి ఇంకా దొరకలేదు.